ఆవిరి గది: క్లబ్‌హౌస్‌లో మేలా, వీధి వైపు మేలా?

చెన్నైలో మళ్లీ ఆవిరి స్నానం ఎందుకు, మే నెలలో పెరంబూరు స్టేషన్ మెట్లెక్కితే చాలదా అంటారు మా ఆయన. నిజమే. కానీ మా ఫ్లాట్ల వెనక ఉన్న రేకుల గదిలో నలభై రూపాయలిచ్చి పావుగంట కూర్చుని లేచినవాళ్లెవరూ ఆ మాట అనరు.

గదిలో రెండు చెక్క పెట్టెలున్నాయి. మెడ దాకా లోపల, తల బయట. సందులోంచి ఆవిరి పోకుండా మెడ చుట్టూ తువ్వాలు చుడతారు, నెత్తిన తడిగుడ్డ వేస్తారు. పెద్ద కుక్కర్ నుంచి రబ్బరు గొట్టం గుండా ఆవిరి వస్తుంది. గది చూసుకునే పెద్దమ్మ ఆ కుక్కర్లో వావిలాకు వేస్తుంది. ఇక్కడివాళ్లు దాన్నే నొచ్చి అంటారు. నేను బాలింతగా ఉన్నప్పుడు మా అమ్మ కాచి పోసిన నీళ్ల వాసన, అచ్చం అదే.

మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఆడవాళ్ల వేళ. అప్పుడు వచ్చేవాళ్లలో ఫ్లాట్ల ఓనర్లు తక్కువ. పొద్దున నాలుగిళ్లలో పని చేసి, సాయంత్రం గిన్నెలకు వెళ్లేలోపు నడుముకు కాస్త వేడి తగలాలని వచ్చేవాళ్లే ఎక్కువ. గది తలుపు వీధిలోకి ఉంది కాబట్టి వాళ్లు ఎవర్నీ అడగక్కర్లేదు. పెట్టెలో కూర్చున్నామె తలకాయ, బెంచీ మీద వంతు కోసం ఆగినామె తలకాయ తెలుగూ తమిళమూ కలిపి మాట్లాడుకుంటూ ఉంటాయి. ఎవరింట్లో పనుంది, ఎవరు జీతం ఎగ్గొట్టారు, అన్నీ అక్కడే తెలుస్తాయి.

ఇప్పుడు మా బిల్డింగ్ రీడెవలప్‌మెంట్‌కు వెళ్తోంది. తమిళనాడు అపార్ట్‌మెంట్ల చట్టం 2022లో చేశారు, 2024 మార్చి నుంచి అమల్లో ఉంది. మూడింట రెండొంతుల మంది ఓనర్లు సరేనంటే పాత బిల్డింగ్ కూల్చి కట్టుకోవచ్చు. ఓనర్లకు ఓటుంది, యూడీఎస్ ఉంది, అంటే బిల్డింగ్ స్థలంలో విడదీయని వాటా. మధ్యాహ్నం రెండు గంటలకు వచ్చేవాళ్లకు ఏదీ లేదు. అందుకే ఆవిరి గది సంగతి మీటింగ్‌లో ఆఖరి పది నిమిషాల్లోకి జారిపోయింది. అక్కడ వినిపించిన దారులు ఇవి.

మొదటిది బిల్డర్ చెప్పింది. కొత్త క్లబ్‌హౌస్‌లో టైల్స్ వేసిన స్టీమ్ రూమ్, నడపడానికి బయటి స్పా వాళ్లు, ఓనర్లకు సగం ధర. దీన్ని తీసిపారేయలేను. ఓసారి కుక్కర్ మూత దగ్గర బుస్సుమని ఆవిరి ఎగదన్నినప్పుడు నేను పెట్టెలోనే ఉన్నాను, ఆ భయం ఇంకా పోలేదు. సేఫ్టీ వాల్వ్ ఉన్న మంచి యంత్రం రావాల్సిందే. కానీ క్లబ్‌హౌస్ ఉండేది గేటు లోపల. గేటు దగ్గర సెక్యూరిటీ, ఫోన్లో యాప్. పనమ్మాయి లోపలికి వచ్చేది పనికే, స్టీమ్‌కు కాదు. లండన్‌లో ఐరన్‌మాంగర్ రో స్నానశాలను 1931లో కట్టింది ఇళ్లలో స్నానాల గదులు లేని జనం కోసం. 2012లో బాగుచేసి తెరిచారు. భవనం నిలిచింది, టర్కిష్ స్నానాల గదులు మాత్రం స్పా అయ్యాయి. సగం ధర స్పా అయినా స్పానే.

రెండోది మా సెక్రటరీగారు చెప్పింది. ఎవరు నడిపినా ఇంతకు మించి వసూలు చేయకూడదని అగ్రిమెంట్‌లో రాయిద్దాం అన్నారు. వినడానికి బాగుంది. జపాన్‌లో ఇలాగే చేస్తారు. అక్కడి వీధి స్నానశాలలను సెంతో అంటారు, వాటి గరిష్ఠ ధరను ఆయా ప్రాంతాల గవర్నర్లు నిర్ణయిస్తారు. టోక్యోలో 2024 ఆగస్టులో దాన్ని పెద్దలకు 550 యెన్‌లు చేశారు. అయితే ఆ ధర స్నానానికే, సౌనాకు చాలాచోట్ల వేరే డబ్బు తీసుకుంటారు. పైగా 1960ల చివర్లో దేశమంతా కలిపి పద్దెనిమిది వేల దాకా ఉన్న సెంతోలు ఇప్పుడు రెండు వేల లోపే. ఇళ్లలో స్నానాల గదులు వచ్చాయి, యజమానులు ముసలివాళ్లయ్యారు, ఆ స్థలంలో అపార్ట్‌మెంట్ కడితే డబ్బెక్కువ. ధర పెంచొద్దని చట్టం చెప్పగలదు, మూసేయొద్దని చెప్పలేదు. మా అగ్రిమెంట్‌లో రాసినా అంతే. గిట్టుబాటు కావట్లేదని ఆరు నెలల్లో తాళం వేసి, అక్కడ ట్రెడ్‌మిల్లు పెడతారు.

మూడోది మా అబ్బాయి ఫోన్లో చూపించింది. హెల్సింకిలో పాత రేవు ప్రాంతం కలసతమలో ఇళ్లు కడుతుండగా, 2011లో కొందరు తమ చేతుల్తోనే సోంపసౌనా మొదలుపెట్టారు. టికెట్ లేదు, కాపలా లేదు, కట్టెలు వచ్చినవాళ్లే కొట్టుకోవాలి. కట్టడాలు ముందుకొచ్చినకొద్దీ అది చోటు మారుతూ వచ్చింది. ముచ్చటేసింది. కానీ కాపలా లేని గదిలోకి ఆడవాళ్లు ఒంటరిగా రావాలంటే ఇక్కడ కుదిరే పని కాదు. దాన్ని పక్కన పెట్టాను.

గది ఎందుకు, అరుంబాక్కం ప్రభుత్వ యోగా, ప్రకృతి వైద్య ఆస్పత్రికి వెళ్లొచ్చుగా అన్నారొకరు. వెళ్లొచ్చు. అది వైద్యం. పొద్దున వెళ్లి ఓపీ చీటీ రాయించుకోవాలి, పొద్దునే వీళ్లు అంట్లు తోముతుంటారు.

నాకు నచ్చింది నాలుగోది. ఫిన్లాండ్‌లోనే తంపెరెలో రాయపోర్త్తి సౌనా 1906 నుంచి నడుస్తోంది. భవనం నగరపాలక సంస్థది. 1989 నుంచి నడిపేది ఆ పేటవాళ్ల సంఘం. ఆడవాళ్లకు, మగవాళ్లకు వేర్వేరు ఆవిరి గదులు, బయటికొచ్చి చల్లబడడానికి ఒకే పెరడు. స్థలం ఒకరి సొంత ఆస్తి కాదు కాబట్టి అమ్ముకోవడానికి లేదు. నడిపేది వాడుకునేవాళ్లే కాబట్టి ఏ వేళ ఎవరికి కావాలో వాళ్లకు తెలుసు.

మా లెక్కలో దీన్ని ఇలా రాసుకున్నాను. గది కామన్ ఏరియా కింద అందరి యూడీఎస్‌లో ఉండాలి, ఏ ఫ్లాట్‌కూ క్లబ్‌హౌస్‌కూ చెందకూడదు. తలుపు వీధి వైపే ఉండాలి. నడిపే కమిటీలో ఇద్దరు ఓనర్లుంటే ముగ్గురు వాడుకునేవాళ్లుండాలి. బిల్డర్ ఇచ్చేది మంచి యంత్రం, నీళ్ల కనెక్షన్, అంతే. రోజుకు పాతికమంది వస్తే వెయ్యి రూపాయలు. గ్యాసు, లారీ నీళ్లు, పెద్దమ్మ జీతం పోతే మిగిలేది కొద్దే, కానీ అద్దె లేదు గనక నలభై నలభైగానే ఉంటుంది. స్పా వాళ్ల ధరలో పెద్ద భాగం అద్దే.

ఇందులో లొసుగు లేకపోలేదు. పదేళ్ల తర్వాత కొత్త ఓనర్లు వచ్చి, వీధి తలుపుతో సెక్యూరిటీ టెన్షన్ అని ఓటేసి మూసేయొచ్చు. అందుకే ఈ షరతు బైలాస్‌లో ఒక్కచోట రాస్తే చాలదు, ప్రతి ఫ్లాట్ పత్రంలోనూ ఉండాలంటున్నాను. సెక్రటరీగారు లాయర్ని అడుగుతానన్నారు. వీధి వైపు ఆ స్థలంలో షాపు కడితే ఎంతొస్తుందో బిల్డర్ అప్పుడే లెక్క చెప్పాడు. స్థలానికి ఎన్ని రెట్లు కట్టుకోవచ్చో చెప్పే ఎఫ్ఎస్ఐ పాత 1.5 నుంచి 2కి పెరిగినందువల్ల అతనికి ఎంత మిగులుతోందో మేం అడిగాం. దానికి మాత్రం లెక్క రాలేదు.

బిల్డర్ ఇచ్చిన ప్లాన్ కాగితం నిన్న పెద్దమ్మకు చూపించాను. చదువు రాదు గనక వేలితో గీతల వెంట వెళ్లి, "తలుపేది తల్లీ?" అంది. క్లబ్‌హౌస్ లాబీ చూపించాను. కాగితం మడిచి నా చేతిలో పెట్టి, రెండు కొట్టడానికి ఇంకా పది నిమిషాలుందని కుక్కర్లో నీళ్లు పోయడానికి వెళ్లింది.