జోయాలు కొంటున్నారా? ప్లగ్గు అడుగు చూడకుండా డబ్బు ఇవ్వకండి

హైదరాబాద్‌లో సముద్రపు నీటి ఆక్వేరియం పెంచేవాళ్లు, ముఖ్యంగా ఈ మధ్య జోయాంథిడ్లు (జోయాలు, అంటే పగడాల జాతికి దగ్గరైన, పూల గుత్తుల్లా పెరిగే మెత్తని సముద్ర జీవులు) కొన్నవాళ్లు దయచేసి ఇది చదవండి. నగరంలోని ఒక దుకాణంలో నేను కొన్న, ప్లగ్గు అనే చిన్న దిమ్మె మీద అతికించిన జోయా ముక్కలతో పాటు, వాటినే తిని బతికే న్యూడిబ్రాంక్‌లు, అంటే గుల్ల లేని సముద్రపు నత్తలు, మా ట్యాంకులోకి వచ్చాయి. అవి రావడం కంటే, వాటి గురించి దుకాణదారు ఇచ్చిన సలహాలే ఎక్కువ ప్రమాదకరం.

కొన్ని పాలిప్‌లు, అంటే జోయా గుత్తిలో పువ్వులా కనిపించే ఒక్కో ప్రాణి, దీపాలు వెలిగినా విచ్చుకోలేదు. నీటి పరీక్షల్లో ఏ తేడా లేదు, ఉప్పు 35 పీపీటీ (వెయ్యి పాళ్లకు 35) దగ్గరే ఉంది. రాత్రి లైట్లు ఆరాక టార్చి వేసి చూస్తే, పాలిప్ అంచు అనుకున్నది మెల్లగా కదిలింది. సెంటీమీటరు కూడా లేని ప్రాణి. తలపై రెండు కొమ్ములు, వీపు నిండా మెత్తని పిలకలు. ఆ పిలకలది అచ్చంగా పక్కనున్న జోయా రంగే! తిన్న పాలిప్‌లోని సూక్ష్మ శైవలాలను అది తన ఒంట్లోనే దాచుకుంటుంది. అందుకే పగటిపూట కళ్లెదుటే ఉన్నా పట్టుకోలేం. ప్లగ్గును తిరగేస్తే అడుగున జిలేబీ చుట్టలా తెల్లటి గుడ్ల దండ కనిపించింది.

ఫొటో పంపితే దుకాణదారు “అది పాచి తినే నత్త సార్, ట్యాంకుకు మంచిదే” అన్నారు. కానే కాదు. పాచి తినేవి వేరే ఉన్నాయి. అద్దాల మీద తిరిగే స్టొమటెల్లా అనే నత్తకు వీపుపై చిన్న గుల్ల ఉంటుంది, దాన్ని చంపకండి. బెర్ఘియా అనే న్యూడిబ్రాంక్ ఐప్టేసియాను (ట్యాంకుల్లో కలుపులా పెరిగే సముద్రపు ఎనిమోన్‌ను) తప్ప మరొకటి ముట్టదు. తలపై కొమ్ములు లేకుండా ఆకులా పలుచగా పాకేవి చాలావరకు చదును పురుగులు. న్యూడిబ్రాంక్‌లలో ఎక్కువ జాతులు ఒకటి రెండు రకాల ఆహారం మీదే బతుకుతాయి. కాబట్టి అది మీ ట్యాంకులో బలిసి గుడ్లు పెడుతోందంటే దాని తిండి అక్కడే ఉందన్నమాట. ఎక్కడ కూర్చుందో, దాని చుట్టూ ఏది తగ్గిపోతోందో చూడండి.

నేను ఒప్పుకోకపోయేసరికి “అయితే రాయి బయటికి తీసి మరిగే నీళ్లు పోసేయండి” అన్నారు. ఇది మాత్రం ఎవరూ, ఎప్పుడూ చేయకండి. జోయాల్లోనూ, వాటి దగ్గరి బంధువులైన పాలిథోవాల్లోనూ పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉండవచ్చు. 1971లో హవాయి దీవుల పాలిథోవా నుంచి శాస్త్రవేత్తలు దీన్ని వేరుచేశారు. వేడి నీళ్లు పోస్తే ఈ విషం ఆవిరితో పాటు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. జ్వరం, దగ్గు, ఛాతీ నొప్పి, ఊపిరాడకపోవడం దాని లక్షణాలు. విదేశాల్లో ఇలా కుటుంబాలే ఆసుపత్రి పాలయ్యాయి. ఏసీ కోసం కిటికీలు మూసుకునే మన అపార్ట్‌మెంట్లలో, పిల్లలున్న ఇంట్లో ఆ పని చేస్తే ఏమవుతుందో ఆలోచించండి.

డబ్బు తిరిగి అడిగితే “ప్రాణమున్న సరుకుకు గ్యారంటీ ఉండదు” అని తేల్చేశారు. దారిలో చేప చనిపోతే ఆ మాట ఒప్పుకోవచ్చు. గుడ్లతో సహా పురుగును అంటగట్టి అదే మాట అంటే ఎలా? పైగా బదులుగా రాతి పగడం ఇస్తామన్నారు. దిబ్బలు కట్టే పగడాలన్నిటినీ 2001లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, అంటే అత్యధిక రక్షణ ఉన్న జీవుల జాబితాలో చేర్చారు; రాతి పగడాలూ అందులోవే. అలాంటి బేరానికి తల ఊపకండి.

ఇప్పటికే కొన్నవాళ్లు ఆ ముక్కలను వెంటనే వేరే ట్యాంకులోకి మార్చండి. చేతులకు గ్లోవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. డిప్‌తో, అంటే ముక్కను కాసేపు మందు నీటిలో ముంచి తీయడంతో, పెద్ద నత్తలు రాలిపోతాయి గాని గుడ్లు చావవు. ముక్క నీటిలో మునిగి ఉండగానే ఆ గుడ్లను బ్రష్షుతో గీకేయాలి, వీలైతే ప్లగ్గే మార్చాలి. తప్పించుకున్న గుడ్లు తర్వాత పొదుగుతాయి కాబట్టి కొన్ని వారాల పాటు వారం వారం మళ్లీ డిప్ చేయాలి. కొత్తగా కొనేవాళ్లు దుకాణంలోనే ప్లగ్గు తిప్పి చూపించమని అడగండి. కుదరదంటే అక్కడ కొనకండి.