సొంత స్టూడియోనా, గంటల అద్దె స్టూడియోనా, సీనియర్ దగ్గర పనా: ఏది మేలు?

చిన్నప్పుడు చేతికి దొరికిన కెమెరాతో మొదలైన సరదా, ఎవరో డబ్బులిచ్చి ఫోటో తీయించుకున్న రోజున మలుపు తిరుగుతుంది. ఇక అక్కడి నుంచి చాలామంది ఆలోచన నేరుగా బోర్డు మీదికి పోతుంది: తమ పేరు, దాని కింద ‘ఫోటో స్టూడియో’. ఈలోపు ఇంకో రెండు దారులున్నాయి. ఒకటి, అనుభవం ఉన్నవాళ్ల దగ్గర అసిస్టెంట్‌గా చేరడం. రెండోది, సొంతంగా ఆర్డర్లు పట్టుకుని, అవసరం పడినప్పుడే వేరేవాళ్ల స్టూడియోను గంటల లెక్కన అద్దెకు తీసుకోవడం. మొదట్లో నా ఓటు ఈ చివరిదానికే. కానీ అన్ని రకాల పనికీ అది కుదరదు.

ముందు అసిస్టెంట్ సంగతి. పదేళ్లుగా సరదాగా ఫోటోలు తీస్తున్నవాడికి ఫ్రేమ్ ఎలా పెట్టాలో ఎవరూ నేర్పక్కర్లేదు. తెలియనివి వేరే ఉంటాయి. కెమెరా చూడగానే బిగుసుకుపోయే మనిషిని మాటల్లో పెట్టడం, అడ్వాన్స్ అడగడం, మెమరీ కార్డులోని ఫోటోలు రెండు చోట్ల కాపీ అయ్యాకే కార్డు చెరపడం, ‘ఇంకో పది ఫోటోలు ఎడిట్ చేసివ్వండి’ అన్నప్పుడు మొహమాటపడకుండా రేటు చెప్పడం. ఇవి వీడియోలు చూస్తే అబ్బవు, పని జరిగే చోట ఉంటేనే వస్తాయి. అమెరికా ఫోటోగ్రాఫర్ రిచర్డ్ అవెడాన్ 12 ఏళ్లకే కెమెరా క్లబ్బులో చేరినవాడు. 1942లో అమెరికా మర్చంట్ మెరైన్‌లో (సరుకు నౌకల దళంలో) చేరితే ఆయనకు అప్పగించింది నావికుల గుర్తింపు కార్డుల ఫోటోలు తీసే పని. విసుగు పుట్టించే పనే, కానీ ఒకరి తర్వాత ఒకరుగా అన్ని ముఖాలు చూసే అవకాశం సరదాగా తీసేవాడికి ఎక్కడ దొరుకుతుంది? సొంత స్టూడియో పెట్టింది 1946లో. సాదా తెల్లటి బ్యాక్‌డ్రాప్ (వెనక కట్టే తెర) ముందు మనిషిని నిలబెట్టడమే తర్వాత ఆయన ముద్ర అయింది.

ఈ దారిలో ఇబ్బంది పేరు దగ్గర వస్తుంది. అలెగ్జాండర్ గార్డ్‌నర్ అనే ఫోటోగ్రాఫర్, అప్పట్లో అమెరికాలో పేరున్న స్టూడియో యజమాని మాథ్యూ బ్రేడీ దగ్గర పనిచేసేవాడు. అమెరికా అంతర్యుద్ధంలో యాంటీటమ్ యుద్ధభూమిలో గార్డ్‌నర్ తీసిన ఫోటోలు 1862లో న్యూయార్క్‌లోని బ్రేడీ గ్యాలరీలో ప్రదర్శిస్తే, జనం నోట పడింది బ్రేడీ పేరే. మరుసటి ఏడాది గార్డ్‌నర్ తన స్టూడియో తాను పెట్టుకున్నాడు. అందుకే చేరేముందే ఒక మాట అడగాలి: నేను తీసిన ఫోటోలు నా పోర్ట్‌ఫోలియోలో (నా పని నమూనాల్లో) చూపించుకోవచ్చా? వద్దంటే, అక్కడ ఎంతకాలం ఉండాలో మనసులో ఒక గడువు పెట్టుకోవడం నయం.

ఇక సొంత స్టూడియో. దీని బలమంతా వెలుతురు మన చేతిలో ఉండటంలోనే ఉంది. పొద్దున తీసిన ఫోటోకీ రాత్రి తీసిన ఫోటోకీ తేడా రాదు. లైట్లు పెట్టినచోటే ఉంటాయి. నేల మీద టేపు గుర్తు వేసి ఉంచితే వచ్చే నెల కూడా అదే నీడ, అదే మెరుపు.

అయితే అందుకు సరిపడా గది కావాలి. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు (36×24 ఎంఎం సెన్సర్ ఉన్నదానికి) 85 ఎంఎం లెన్స్ వేసి, నిలువుగా పట్టి, నిలబడ్డ మనిషిని తల నుంచి పాదాల దాకా తీయాలంటే ఫ్రేములో దాదాపు 2 మీటర్ల ఎత్తు పట్టాలి. దానికి మనిషికీ కెమెరాకూ మధ్య 4.7 మీటర్ల దూరం ఉండాలి. వెనక నీడ పడకూడదంటే మనిషికీ బ్యాక్‌డ్రాప్‌కూ మధ్య ఇంకో 2 మీటర్లు, మనం నిలబడటానికి ఒక మీటరు. అంటే గది పొడవు 8 మీటర్లకు కాస్త అటూ ఇటూ. ఇంకా ఎక్కువ వెడల్పు చూపించే 50 ఎంఎం లెన్స్‌తో 6 మీటర్లలోపే సరిపెట్టుకోవచ్చు గానీ, దగ్గర నుంచి తీస్తాం కాబట్టి కెమెరా ఎత్తు కాస్త పెరిగినా కాళ్లు పొట్టిగా కనిపిస్తాయి. వెడల్పు సంగతికొస్తే, బ్యాక్‌డ్రాప్ పేపర్ రోల్ ఒక్కటే 2.72 మీటర్లు, దానికి రెండు వైపులా లైట్ స్టాండ్లు. సీలింగ్ తక్కువగా ఉంటే సాఫ్ట్‌బాక్స్‌ను (లైటు వెలుగును మెత్తబరిచే గుడ్డ పెట్టెను) తలపైకి ఎత్తలేం. పైగా తెల్ల సీలింగ్ వెలుతురును గదంతా చిమ్మేస్తుంది, ఇక నల్లటి బ్యాక్‌గ్రౌండ్ కావాలన్నా రాదు. గోడ ఆకుపచ్చదైతే ఆ చాయ చర్మం మీద తేలుతుంది. అద్దె తక్కువని చిన్న గది తీసుకుంటే తర్వాత ఏ లైటు కొన్నా దాని లోటు తీరదు.

డబ్బు లెక్క మాత్రం చిన్నదే. అద్దె, కరెంటు, జీతం, పరికరాల వాయిదా కలిపితే నెల ఖర్చు. ఒక షూట్‌లో చేతిలో మిగిలేది అందులో పదో వంతు అనుకుంటే, నెలలో మొదటి పది షూట్లూ గోడల కోసమే. పదకొండోది మనది.

ఇంకో సంగతి పెద్దగా ఎవరూ చెప్పరు. స్టూడియో పెరిగేకొద్దీ యజమాని చేతిలో కెమెరా ఉండే సమయం తగ్గుతుంది. బ్రేడీ 1844లో న్యూయార్క్‌లో స్టూడియో తెరిచాడు. చూపు మందగించేసరికి ఆ పేరు మీద వచ్చిన ఫోటోలు చాలావరకు ఉద్యోగులే తీశారు. యుద్ధం ఫోటోల కోసం చేసిన ఖర్చుతో అప్పులపాలయ్యాడు. 1875లో అమెరికా కాంగ్రెస్ 25 వేల డాలర్లు మంజూరు చేసినా నిలదొక్కుకోలేక, 1896లో పేదరికంలోనే పోయాడు. ఫోటోలు తీయడం ఇష్టమా, ఫోటోలు తీయించే వ్యాపారం నడపడం ఇష్టమా అన్నది ముందే తేల్చుకోవాలి. రెండోది తక్కువ పనేం కాదు, చిన్నప్పటి సరదా మాత్రం అది కాదు.

గంటల అద్దె దగ్గరికొస్తే, షూట్ లేని నెల ఖర్చూ లేదు. నాలుగు రకాల గదుల్లో తీసి చూశాక మనకేం కావాలో మనకే తెలిసొస్తుంది. ఇబ్బందల్లా గడియారంతోనే. లైట్లు సర్దడం, మళ్లీ విప్పడం కూడా మన గంటల్లోనే పోతాయి. పసిపాప ఏడుపు మానకపోతే తల్లికీ టెన్షన్, మనకూ టెన్షన్. కాబట్టి నెలల పిల్లల ఫోటోలు తీసేవాళ్లకు ఇది అంతగా నప్పదు. వస్తువుల ఫోటోలు తీసేవాళ్లూ అంతే: కేటలాగ్‌లో ఈ వారం తీసిన సీసా, వచ్చే నెల తీసే సీసా ఒకే వెలుగులో ఉండాలి. ఈ రెండు పనులూ నికరంగా వస్తుంటే సొంత గదే మేలు, అది చిన్న బల్ల పట్టేంత చోటైనా సరే. పెళ్లిళ్లు, సభలు, భవనాలు తీసేవాళ్లకు స్టూడియో అవసరమే అరుదు, మంచి కంప్యూటర్, బ్యాకప్ డిస్కులు ఉంటే చాలు. పాస్‌పోర్ట్ ఫోటోల పని మళ్లీ వేరు: దానికి పెద్ద గది అక్కర్లేదు, జనం నడిచే వీధి కావాలి, వాళ్లొచ్చేసరికి షాపు షట్టర్ తెరిచి ఉండాలి.

మిగతావాళ్లు ఎప్పుడు మారాలంటే, గంటల అద్దెకు కట్టింది వరసగా కొన్ని నెలలు సొంత గది అద్దెకు దగ్గరగా వచ్చి, అడిగిన తేదీకి స్టూడియో ఖాళీ లేక ఆర్డర్లు వదులుకోవాల్సి వస్తున్నప్పుడు. రెండూ కలిసి జరుగుతుంటే టేపు పట్టుకుని గదులు కొలవడం మొదలుపెట్టొచ్చు. ఒప్పందం మీద సంతకం పెట్టేముందు మధ్యలో ఖాళీ చేస్తే అడ్వాన్స్‌లో ఎంత తిరిగిస్తారో కాగితం మీద రాయించుకోండి.