అమియోడరోన్: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌తో గతి తప్పిన నా గుండెను మొదట కరెంటు షాక్‌తో దారికి తెచ్చారు. లయ మళ్లీ తప్పకూడదని అమియోడరోన్ మాత్ర ఇచ్చారు. కొన్నేళ్లుగా వాడుతున్నాను.

మేలు నాడి పట్టుకుంటేనే తెలుస్తుంది. అంతకుముందు మణికట్టు మీద వేళ్లు పెడితే రెండు దెబ్బలు వెంటవెంటనే తగిలేవి, తర్వాతిది ఆలస్యమయ్యేది, మరొకటి అందీ అందనట్టు జారిపోయేది. ఇప్పుడు సమంగా కొట్టుకుంటోంది. ఒక అంతస్తు మెట్లెక్కడానికి మధ్యలో ఆగేవాణ్ణి, ఆ ఆయాసం పోయింది. ఈ ఒక్క సుఖం కోసమే ఈ మందుకు నా ఓటు.

ఆయుష్షు సంగతి వేరు. 4,060 మందితో చేసిన అఫర్మ్ అధ్యయనం ఫలితాలు 2002లో వచ్చాయి. లయను సరిచేసినా, గుండె వేగాన్ని మాత్రమే అదుపులో పెట్టినా మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అయితే 2020లో వెలువడిన ఈస్ట్ అధ్యయనంలో, జబ్బు బయటపడిన ఏడాదిలోపే లయ చికిత్స మొదలుపెట్టినవారికి పక్షవాతం, గుండె జబ్బుతో మరణం వంటి ముప్పులు మొత్తంగా తగ్గాయి. జబ్బు కొత్తగా బయటపడినవారు ఈ మాట డాక్టరును తప్పక అడగాలి.

ఇక ఇబ్బందులు. ఈ మాత్రలో అయొడిన్ చాలా ఎక్కువ. కొంతకాలానికి నాకు ఒళ్లు బరువెక్కి, పొద్దంతా మత్తుగా ఉండేది. పరీక్ష చేస్తే టీఎస్‌హెచ్ పెరిగింది, అంటే థైరాయిడ్ మందగించింది. ఇప్పుడు పరగడుపున ఆ లోటు తీర్చే థైరాక్సిన్ మాత్ర కూడా వేసుకుంటున్నాను. ఎండలోకి వెళితే చేతులు మండుతాయి, అందుకే పొడుగు చేతుల చొక్కాలే వేసుకుంటాను. ఊపిరితిత్తులు దెబ్బతినే ప్రమాదం అరుదే అయినా అన్నిటికన్నా భయపడాల్సింది అదే. పొడి దగ్గు, కొత్తగా ఆయాసం మొదలైతే ఆలస్యం చేయకూడదు. మాత్ర ఆపినా మందు ఒంట్లో వారాలు, నెలల తరబడి ఉంటుంది. థైరాయిడ్, లివర్ పరీక్షలు ఆరు నెలలకోసారి చేయించుకోలేనివారికి ఈ మందు వద్దంటాను.

నాడి బాగుంది కదా అని రక్తం పలచబరిచే మందు సొంతంగా మానకండి. లయ మనకు తెలియకుండానే మళ్లీ తప్పవచ్చు. పైగా వయసు, బీపీ, షుగరు వల్ల గడ్డకట్టే ముప్పు ఎప్పటిలాగే ఉంటుంది. అలాంటి మందుల్లో ఒకటైన వార్ఫరిన్ వాడేవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అమియోడరోన్ దాని ప్రభావాన్ని పెంచుతుంది, రక్తస్రావం కావచ్చు. నాకు వార్ఫరిన్ మోతాదు తగ్గించి, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే కొలత) నిలకడకు వచ్చేదాకా వారం వారం రక్తం పరీక్షించారు.