తెలంగాణ ఈపాస్: ఫారం అరగంట, మిగతాదే అసలు పని

ముందే చెప్పాలంటే, కాలేజీ విద్యార్థుల స్కాలర్‌షిప్ దరఖాస్తులకు తెలంగాణ ప్రభుత్వం నడిపే ఈపాస్ వెబ్‌సైట్ మరీ చెడ్డదేమీ కాదు. పాతకాలపు రూపం, చివరి తేదీ దగ్గరపడితే మొరాయించే సర్వర్ ఉన్నా, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కూ ఉపకారవేతనానికీ ఒకే ఫారం సరిపోతుంది. కాగితాలన్నీ చేతిలో ఉంటే అరగంటలో నింపేయొచ్చు. తంటా అంతా ఫారానికి ముందు కొంత, తర్వాత చాలా.

ముందున్నది పేర్ల గొడవ. ఈపాస్‌కు మీరెవరో చెప్పేది పదో తరగతి మెమో. హాల్‌టికెట్ నంబరు, పాసైన సంవత్సరం, పుట్టిన తేదీ ఇచ్చి మొదలుపెట్టాలి. మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి ఆధార్‌లో పొడి అక్షరమే ఉంటే బండి అక్కడే ఆగుతుంది. అప్పుడు మెమో జోలికి పోకుండా ఆధార్‌నే సరిచేయించుకోండి. ఆధార్‌లో పేరు రెండుసార్లు, పుట్టిన తేదీ ఒక్కసారే మార్చుకోనిస్తారు కాబట్టి మెమోలో ఉన్న అక్షరాలనే చూసి రాయించండి. ఈ పని అడ్మిషన్ల కంటే ముందే, వేసవిలోనే తెముల్చుకోవడం మేలు.

కుల ధ్రువపత్రం పాతదైనా నడుస్తుంది, ఆదాయ ధ్రువపత్రం మాత్రం తాజాగా ఉండాలి. బీసీ, ఈబీసీ (ఆర్థికంగా వెనుకబడినవాళ్లు) విద్యార్థులకు కుటుంబ వార్షికాదాయ పరిమితి పల్లెల్లో 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు. కన్వీనర్ కోటాలో సీటొస్తేనే అర్హత. మేనేజ్‌మెంట్ కోటాకు, దూరవిద్యకు రాదు. ఇంజినీరింగ్‌లో ఎస్సీ, ఎస్టీలకు మొత్తం ఫీజు వస్తుంది. బీసీ, ఈబీసీలకు ఎంట్రన్స్ ర్యాంకు 10 వేలలోపుంటే పూర్తిగా, దాటితే సాధారణంగా ఏటా 35 వేలే. లక్ష దాటిన ఫీజున్న కాలేజీని ఎంచుకునేముందు ఆ తేడా ఎవరు కట్టాలో ఇంట్లో లెక్క చూసుకోవాలి. ‘రీయింబర్స్‌మెంట్ ఉందిలే’ అనే ధీమాతో చాలా ఇళ్లు ఇక్కడే దెబ్బతింటాయి.

ఫ్రెష్ దరఖాస్తుకు మీసేవలో వేలిముద్ర వేయాలి. ముద్ర పడకపోతే యంత్రాన్ని తిట్టుకుంటాం గానీ, చాలాసార్లు తప్పు పాత ఆధార్‌ది. పదిహేనేళ్లు నిండాక చేయించాల్సిన బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించకపోతే అందులో ఉండేవి చిన్నప్పటి వేళ్లే.

ఆ తర్వాత ప్రింటు, జతపత్రాలు కాలేజీలో ఇవ్వాలి. అక్కడితో అయిపోయిందనుకోవడమే పెద్ద పొరపాటు. కాలేజీ తన లాగిన్‌లో పరిశీలించి పైకి పంపకపోతే మీ దరఖాస్తు సంక్షేమ శాఖ అధికారి కంటపడదు. అందుకే ఈ సేవలో నాకు నచ్చినది స్టేటస్ పేజీ. ఎక్కడ ఆగిందో తెలిస్తే కాలేజీ గుమాస్తాని అడగాలో, జిల్లా సంక్షేమ కార్యాలయానికి వెళ్లాలో తేలిపోతుంది. రెండో ఏడాది నుంచి రెన్యువల్ చాలు. హాజరు 75 శాతం లేకపోయినా, పై ఏడాదికి పంపకుండా డిటైన్ చేసినా ఆ ఏడాదికి ఆశ వదులుకోవాలి.

ఇక డబ్బు. ట్యూషన్ ఫీజు సాధారణంగా కాలేజీకి, నిర్వహణ ఖర్చు విద్యార్థి ఖాతాకి. బ్యాంకులో గుర్తింపు కోసం (కేవైసీకి) ఆధార్ ఇవ్వడం వేరు, నగదు బదిలీకి ఆధార్‌ను ఆ ఖాతాతో సీడింగ్, అంటే అనుసంధానం, చేయించడం వేరు. తర్వాత ఇంకో బ్యాంకులో ఖాతా తెరిచి అక్కడ సీడింగ్‌కి సంతకం పెడితే, ఆధార్ మీద వచ్చే సొమ్ము ఆ కొత్త ఖాతాకే పోతుంది. ‘రాలేదు’ అనే ఫిర్యాదు పెట్టేముందు ఆ పాసుపుస్తకం కూడా తిరగేయండి.

మంజూరైంది అని కనబడినా సొమ్ము చేరినట్టు కాదు. బిల్లు ట్రెజరీకి వెళ్లాలి, అక్కడ దానికి టోకెన్ నంబరు పడాలి, ఆపైన ప్రభుత్వం నిధులు వదలాలి. బకాయిల కోసం 2025లో ప్రైవేటు కాలేజీలు బంద్‌కు దిగాయంటే ఈ ఆఖరి మెట్టు ఎంత బలహీనమో అర్థమవుతుంది. కోర్సు ముగిసి సర్టిఫికెట్లు అడిగినప్పుడు ఫీజు కట్టమంటే, ‘ప్రభుత్వ సొమ్ము వచ్చాక తిరిగిస్తాం’ అని రసీదు మీద రాయించుకోకుండా కట్టొద్దు. నోటిమాటకు అక్కడ విలువుండదు.

అయిదు మార్కులకు ఫారానికి నాలుగేస్తే చెల్లింపుకి ఒకటిన్నరకు మించి వేయలేను.

ఆదాయ పరిమితి దాటినవాళ్లు జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్ చూడాలి. ఇంటర్‌లో తమ బోర్డు టాప్ 20 పర్సంటైల్‌లో (అంటే మార్కుల్లో పైనున్న 20 శాతం మందిలో) ఉండి, కుటుంబ ఆదాయం 4.5 లక్షలలోపుంటే కేంద్రం డిగ్రీకి ఏటా 12 వేలు, పీజీకి 20 వేలు ఇస్తుంది. రాష్ట్ర రీయింబర్స్‌మెంట్ తీసుకుంటూ ఇది తీసుకోకూడదు. అర్హత రెండింటికీ ఉంటే, ఫీజు నామమాత్రంగా ఉండే ప్రభుత్వ డిగ్రీ కాలేజీ విద్యార్థికి ఆ 12 వేలే లాభం. ఇంజినీరింగ్ వాళ్లకు ఈపాసే.