నలభై ఏళ్లుగా ఆవుపాలు తాగుతున్నవాడి మాట

నాకిప్పుడు నలభై నాలుగు. ఊహ తెలిసినప్పటి నుంచి ఆవుపాలు తాగుతూనే ఉన్నాను. మధ్యలో ఒక్క ఐదు నెలలు మానేశాను, అదీ కోపంతో. ముందు ఆ సంగతి చెప్తాను.

ముప్పై ఐదు దాటాక, రాత్రి భోజనమయ్యాక తాగే పెద్ద గ్లాసెడు పాలు నాతో గొడవకు దిగాయి. పడుకున్న గంటకల్లా కడుపు ఉబ్బరం, గుడగుడలు, తెల్లారేసరికి పరుగు. మొదట నూనె వంటల మీద అనుమానపడ్డాను, తర్వాత ఆఫీసు టెన్షన్ మీద. పాల జోలికి మాత్రం పోలేదు. చిన్నప్పటి నుంచి పడ్డవి ఇప్పుడెందుకు పడవు అన్నది నా ధీమా. డాక్టర్ ఆ మాట విని నవ్వారు. పాలలో ఉండే చక్కెర లాక్టోజ్. దాన్ని అరిగించే లాక్టేజ్ అనే ఎంజైమ్ చిన్నపేగులో తయారవుతుంది, చాలామందికి బాల్యం దాటాక అది తగ్గుతూ వస్తుంది. అరగని లాక్టోజ్ పెద్దపేగులోకి జారితే అక్కడి బాక్టీరియా దాన్ని పులియబెడుతుంది, గ్యాస్ పుట్టేది అందుకే. ప్రపంచంలో పెద్దవాళ్లలో దాదాపు మూడింట రెండు వంతుల మందికి ఈ శక్తి ఎంతో కొంత తగ్గే ఉంటుందని అంచనా. ఇంతమంది ఉన్నాక దీన్ని జబ్బు అనడానికి నాకు మనసొప్పదు.

రెండు వారాలు మానేసి చూడమన్నారు. కడుపు కుదుటపడింది. ఆ ఊపులో ఐదు నెలలు ముట్టుకోలేదు. అంతటితో ఊరుకోక, పాలు మనిషికి విషమని చెప్పే వీడియోలు చూసి నలుగురికీ అదే చెప్పాను కూడా. ఆ నలుగురూ ఇది చదువుతుంటే, తప్పయింది.

మానేశాక ఒకటి గమనించాను. రాత్రి పదింటికి ఆకలి. బిస్కెట్లతో సరిపెట్టేవాణ్ని. 250 మిల్లీలీటర్ల గ్లాసు పాలలో ఎనిమిది గ్రాముల ప్రొటీన్, దాదాపు 300 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటాయి. పెద్దవాళ్లకు రోజుకు కావలసిన కాల్షియం సుమారు 1000 మిల్లీగ్రాములు. బి12 అయితే రోజు అవసరంలో సగం వరకు ఆ ఒక్క గ్లాసే తీరుస్తుంది, మాంసం ముట్టనివాళ్లకు ఇది చిన్న విషయం కాదు. పాలకూరలోనూ కాల్షియం ఉంటుంది కదా అని నేనూ వాదించాను. ఉంటుంది గానీ, అందులోని ఆక్సలేట్లు దాన్ని పట్టి ఉంచడం వల్ల ఒంటికి పట్టేది ఇరవయ్యో వంతు. పాలలోది మూడో వంతు దాకా పడుతుంది.

మళ్లీ మొదలుపెట్టింది అరగ్లాసుతో, అదీ ఖాళీ కడుపున కాకుండా తిండితో పాటు. ఇబ్బంది రాలేదు. లాక్టేజ్ తక్కువున్నవాళ్లలోనూ చాలామంది ఒక విడతకు పన్నెండు గ్రాముల లాక్టోజ్ దాకా, అంటే రమారమి ఒక గ్లాసు పాలు, తట్టుకోగలరట. నా హద్దు అంతకన్నా తక్కువని నాలుగైదు రాత్రులు ప్రయోగం చేసి తెలుసుకున్నాను. పెరుగుతో ఎప్పుడూ గొడవ లేదు, తోడు వేసిన బాక్టీరియానే లాక్టోజ్‌ను కొంత తినేస్తుంది. లాక్టోజ్ లేని పాలు కూడా కొన్నాళ్లు వాడాను. కడుపుకు హాయి, నాలుకకు మాత్రం చక్కెర కలిపినట్టుంది. వాటిలో ముందుగానే లాక్టేజ్ కలిపి లాక్టోజ్‌ను గ్లూకోజ్‌గా, గెలాక్టోజ్‌గా విడగొడతారు. ఆ రెండూ లాక్టోజ్ కన్నా తియ్యన. నాకు నచ్చలేదు, మా ఆవిడకు అవే ఇష్టం.

ఒంట్లో దద్దుర్లు, పెదాల వాపు, ఆయాసం వస్తే అది వేరే కథ. అది పాల ప్రొటీన్‌కు వచ్చే అలర్జీ. అరగ్లాసు ప్రయోగాలు అక్కడ పనికిరావు.

నన్ను నిజంగా భయపెట్టింది మా మేనల్లుడి వ్యవహారం. రెండేళ్ల పిల్లాడు, అన్నం ముద్ద చూస్తే మొహం తిప్పేసేవాడు. పోనీలే పాలైనా తాగుతున్నాడు కదా అని చెల్లెలు రోజుకు లీటరు దాకా పట్టేది. బొద్దుగానే ఉన్నాడు, కానీ పాలిపోయి, ఎప్పుడూ చిరాకు. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ బాగా తక్కువ. లీటరు ఆవుపాలలో ఇనుము అర మిల్లీగ్రాముకు అటూ ఇటూ, ఆ వయసుకు రోజుకు కావలసింది ఏడెనిమిది. పైగా పాలలోని కాల్షియం వేరే తిండిలోని ఇనుమును కూడా సరిగా పట్టనివ్వదు. పాలు అర లీటరు దాటొద్దన్నారు, ఇనుము చుక్కల మందు ఇచ్చారు. పాలు తగ్గేసరికి వాడికి ఆకలి వేసింది, అన్నం తిన్నాడు. ఏడాది నిండని పిల్లలకు తల్లిపాల బదులు ఆవుపాలు పట్టొద్దని డాక్టర్లు అనేదీ ఇందుకే. వాళ్ల మూత్రపిండాలకు అన్ని లవణాలు, అంత ప్రొటీన్ భారం కూడా.

అమ్మది ఇంకో రకం. థైరాయిడ్ మాత్ర పొద్దున్నే పాలతో వేసుకునేది. డోసు రెండుసార్లు పెంచినా, థైరాయిడ్ తక్కువైతే పెరిగే టీఎస్‌హెచ్ అనే హార్మోన్ దిగలేదు. కాల్షియం ఆ మందును పేగులో పట్టేస్తుందని, నాలుగు గంటల ఎడం ఉండాలని ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు మాత్ర నీళ్లతో తెల్లారగట్ల, పాలు పదకొండింటికి. కొన్ని యాంటీబయాటిక్స్‌కూ పాలతో ఇదే తంటా, మందుల షాపులో ఒక మాట అడగండి.

పచ్చిపాలలో సత్తువ ఎక్కువని ఎవరైనా అంటే నేను వాదనకు దిగను, కాచుకుని తాగుతాను. పశువుల నుంచి సోకే బ్రూసెల్లోసిస్ అనే జ్వరం, క్షయ లాంటివి పచ్చిపాలతో వస్తాయి. 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు వేడి చేస్తే ఆ క్రిములు చస్తాయి, పాశ్చరైజేషన్ అంటే అంతే. ఏ2 పాలు కూడా వాడి చూశాను. మామూలు పాలకూ వాటికీ బీటా కేసిన్ అనే ప్రొటీన్‌లో ఒక్క అమైనో ఆమ్లం తేడా. నా కడుపుకు ఆ తేడా తెలియలేదు, జేబుకు తెలిసింది.

బరువు విషయంలో తప్పంతా నాదే. వెన్న తీయని పాలు గ్లాసుకు 150 క్యాలరీలు. నేను వాటిని మంచినీళ్ల లెక్కలో వేసి, కడుపు నిండా తిన్నాక పైన తాగేవాణ్ని. పాలు తిండే అని ఒప్పుకున్నాక రాత్రి అన్నం ఒక గరిటె తగ్గించాను. ఏడాదిలో మూడు కిలోలు దిగాను.

ఆవుపాలకు ఐదుకు మూడున్నర ఇస్తాను. మిగతా ఒకటిన్నరలో అర మార్కు, కన్నుమూసి తెరిచేలోగా పొంగి పొయ్యి మీదకు వచ్చినందుకు. నలభై ఏళ్లలో ఒక్కసారి కూడా సరిగ్గా సమయానికి కట్టేయలేదు నేను. నిన్న రాత్రి కూడా అంతే, ఈ సమీక్ష సగంలో ఉండగా.