రెండు గంటలకు 300 డాలర్లు పోయాయి, చీతా వేట మాత్రం దక్కింది

ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను, కడుపుమంట ఇంకా చల్లారలేదు. కెన్యాలోని మసాయి మారా రిజర్వులోకి విదేశీయులకు టికెట్టు రోజుకు మనిషికి జనవరి నుంచి జూన్ దాకా 100 డాలర్లు, జులై నుంచి డిసెంబరు దాకా 200. రోజంటే 24 గంటలు కాదు, పొద్దున 6 నుంచి సాయంత్రం 6 వరకే. మేం ఫిబ్రవరిలో వెళ్లాం. మనిషికి 1,050 డాలర్లు తీసుకున్న ఏజెంటు ఈ ముక్క మాత్రం మింగేశాడు. నైరోబీలో 9 దాటాక బయల్దేరదీసి, రిఫ్ట్ వ్యాలీ వ్యూ పాయింటు దగ్గర బొమ్మల కొట్లో ముప్పావుగంట కూర్చోబెట్టి, సెకెనాని గేటుకు చేర్చేసరికి సాయంత్రం 4. అక్కడ మెల్లగా బయటపెట్టాడు: ప్యాకేజీలో రెండు రోజుల టికెట్లే ఉన్నాయట, ఇవాళ్టిది మేమే కట్టుకోవాలట. ముగ్గురికి 300. ఆ రెండు గంటల్లో చూసింది జీబ్రాలు, జిరాఫీలు. మీరు మధ్యాహ్నం దాటాక చేరేటట్టయితే, ఆ రాత్రికి గేటు బయటే పడుకుని పొద్దున 6కి లోపలికి వెళ్లండి. ఎవడేం చెప్పినా వినకండి.

క్యాంపు గేటు బయటే. '24 గంటలూ వేడినీళ్లు' అంటే సాయంత్రం 7 నుంచి 8 వరకు అని అర్థం చేసుకోవాలి. రాత్రి 10కి జనరేటర్ బంద్. మా బావమరిది కెమెరా బ్యాటరీలు మూడూ పట్టుకుని వంటగదిలో ప్లగ్గు కోసం తిరిగాడు. ఆఫ్రికా అంటే ఎండ అనుకుని స్వెటర్లు తీసుకెళ్లలేదు. మారా సముద్రమట్టానికి 1,500 మీటర్ల పైన ఉంటుంది, తెల్లవారుజామున పళ్లు టకటకలాడాయి. చపాతీలు మాత్రం బాగున్నాయి.

ల్యాండ్ క్రూజర్ అన్నారు, టాపు లేచే వ్యాన్ వచ్చింది. రెండో రోజంతా ఆ డ్రైవరు, ఏ జంతువు ఎక్కడుందో డ్రైవర్లు ఒకరికొకరు చెప్పుకునే రేడియోకి చెవి అప్పగించి పరుగులే పరుగులు. నిద్రపోతున్న సింహం చుట్టూ 14 బళ్లు లెక్కపెట్టాను. ఒక జంతువు దగ్గర అయిదుకు మించి బళ్లు ఉండకూడదని అక్కడ రూలు. మధ్యాహ్నం చీతా ఒకటి చెదలపుట్ట దిగి జింకల వైపు నడవడం మొదలుపెట్టగానే రెండు బళ్లు సరిగ్గా దాని దారికి అడ్డంగా వెళ్లి ఆగాయి. ఒకటి మాదే. జింకలు బెదిరి పారిపోయాయి, అది మళ్లీ పుట్ట ఎక్కి పడుకుంది. "చూశారు కదా, పదండి" అన్నాడు డ్రైవరు. నాకు సిగ్గేసింది.

ఆ సాయంత్రమే వ్యాన్ రేడియేటరు పోవడం మా అదృష్టం. క్యాంపు ఓనరు ఊళ్లోని ఒక మసాయి తెగ గైడును అతని ల్యాండ్ క్రూజర్‌తో సహా రోజుకు 150 డాలర్లకు మాట్లాడిపెట్టాడు. చొక్కాకు గైడ్ల సంఘం వాళ్లు పరీక్ష పెట్టి ఇచ్చే సిల్వర్ బ్యాడ్జి. మనిషి ఎక్కువ మాట్లాడడు.

మర్నాడు పొద్దున ఏడింటికల్లా ఒక ఆడ చీతాను చూపించాడు. (చిరుత కాదు. ఇంట్లో ఎన్నిసార్లు చెప్పినా 'చిరుతను చూశారటగా' అనే అడుగుతున్నారు. కంటి కొస నుంచి నోటి దాకా కన్నీటి చారలా నల్లగీత ఉంటే చీతా.) గైడు దాని ముఖం చూడలేదు, పొట్ట చూశాడు. "లోపలికి అంటుకుపోయింది. ఇవాళ వేటాడుతుంది" అని బండి పక్కకు తీసి ఇంజన్ ఆపేశాడు. జింకలకూ దానికీ మధ్య దారి వదిలి, బాగా ఎడంగా.

రెండున్నర గంటలు. బావమరిది గంటకే విసుక్కున్నాడు: "బావా, అక్కడ ఎవరో చెట్టు మీద లెపర్డ్ చూస్తున్నారంట, రేడియోలో వస్తోంది." గైడు రేడియో సౌండ్ తగ్గించేశాడు. మా ఆవిడకు వేరే టెన్షన్. సఫారీలో ఒంటికి వెళ్లడానికి బండి దిగడాన్ని 'టైరు చెక్ చేయడం' అంటారు, కానీ చీతా ఎదురుగా ఉంటే ఏ టైరూ చెక్ చేయడానికి లేదు. "ఏమండీ, ఇంకెంతసేపు?" అని నాలుగోసారి అడుగుతుండగా గైడు చెయ్యెత్తాడు.

"చీతాని కాదు, టామీల చెవులు చూడండి." థామ్సన్ గజెల్ అనే చిన్న జింకను అక్కడ టామీ అంటారు. పది జతల చెవులు గడ్డి మేస్తూ ఊగుతున్నాయి. చీతా తల కిందికి దించి, ఒక కాలు గాల్లోనే ఉంచి, రాయిలా నిలబడిపోయింది. ఒక టామీ తలెత్తి, మళ్లీ దించింది. అంతే.

చూసేసరికి చీతా సగం దూరంలో ఉంది. టామీ మలుపు తిరిగితే తోక అటు విసిరి తానూ తిరిగింది. రెండో మలుపులో ముందుకాలు చాచి జింక వెనకకాళ్లను తట్టింది, దుమ్ము లేచింది. మొత్తం పదిహేను, ఇరవై సెకన్లు. ఎన్ని వందల వేటలు చూశాడో గానీ గైడు చేతులు కూడా స్టీరింగును గట్టిగా పట్టుకునే ఉన్నాయి.

మేం చప్పట్లు కొట్టబోతే వద్దన్నాడు. చీతా గొంతు పట్టుకుని అలాగే ఉంది, డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. జింక చచ్చాక కూడా వెంటనే తినలేకపోయింది, రొప్పుతూ చుట్టూ చూస్తోంది. "దుమ్ములగొండి" అన్నాడు గైడు, అంతలోనే వచ్చేసింది; బైనాక్యులర్లతో మాకు కనపడకముందే గైడు వట్టి కళ్లతో పట్టేశాడు. చీతా నాలుగు ముద్దలు తిందో లేదో, లేచి పక్కకు వెళ్లిపోయింది. పోట్లాడనే లేదు. మా ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఒంటరిది. కాలు విరిగితే రేపు వేట లేదు, ఆకలితో చస్తుంది" అన్నాడు గైడు. కొన్నేళ్ల కిందట ఇదే మారాలో 'తానో బోరా' అని పేరుపడ్డ అయిదు మగ చీతాల జట్టు ఉండేదట, అవి 'టోపీ' అనే జాతి పెద్ద జింకలనూ పడగొట్టేవట. ఆడవాటికి ఆ జట్టు ఉండదు.

అతనికి 20 డాలర్లు టిప్పు ఇచ్చాను, తర్వాత మనసొప్పక ఇంకో 20 ఇచ్చాను. ప్యాకేజీ కొనేముందు టెంటు ఫొటోలు కాదు, గైడు ఎవరో అడగండి. అద్దె బేరం ఆడినా గైడు దగ్గర ఆడకండి.

బావమరిది తీసిన వీడియోలో మొదటి నాలుగు సెకన్లు గడ్డి, తర్వాత ల్యాండ్ క్రూజర్ టాపు, చివర్లో నా మోచెయ్యి. మా ఆవిడ "టైరు, టైరు" అనడం మాత్రం స్పష్టంగా వినిపిస్తుంది.