ఓడెక్కే ముందు కారెక్కడ పెట్టాలి?

ముందే చెప్పేస్తున్నా, ఓడ బాగుంది. శుక్రవారం చెన్నైలో ఎక్కాం, రెండు రాత్రులు సముద్రంలో తిరిగి ఆదివారం పొద్దున దిగాం. తిండి బాగుంది, గది చిన్నదైనా శుభ్రంగా ఉంది. నా ఏడుపంతా కారు గురించే.

ఐదుగురం: నేను, మా ఆవిడ, మా పిల్లాడు, అత్తగారు, బామ్మర్ది. మా టికెట్‌లో ఒంటిగంట నుంచి రెండింటి లోపు హార్బర్ గేటు దగ్గరుండాలని ఉంది. ఓడ దగ్గర కారు పెట్టుకునే వీలు లేదని ముందే చెప్పారు. తిరుపతి నుంచి నూట నలభై కిలోమీటర్లే కదా, పొద్దున ఆరున్నరకి బయల్దేరితే పదికల్లా చెన్నై అనుకున్నా.

దారి దగ్గరే మొదలైంది పేచీ. పుత్తూరు దాటాక నగరి, తిరుత్తణి మీదుగా తిరువళ్లూరు వెళ్దామని నేను. "అటు ఆవడి, అంబత్తూరు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటాం బావా, నాగలాపురం, ఊత్తుకోట మీదుగా రెడ్‌హిల్స్‌లో తేలదాం" అని బామ్మర్ది. స్టీరింగ్ అతని చేతిలో ఉంది కాబట్టి అతని మాటే నెగ్గింది. అయితే ఆ దారిలో సురుటుపల్లి ఉంది. పార్వతీదేవి ఒడిలో తల పెట్టి పడుకున్న శివుడు ఇంకెక్కడ దొరుకుతాడని అత్తగారు పట్టుబట్టారు. శుక్రవారం రద్దీ. ముప్పావుగంట అక్కడే పోయింది. నాకు టెన్షన్, ఆమెకి ప్రశాంతత. మాధవరం దగ్గర కంటైనర్ లారీల వెనక కదలకుండా నిలబడినప్పుడు ఆమె కట్టి తెచ్చిన పులిహోరే మమ్మల్ని కాపాడింది. ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి.

హార్బర్ దగ్గరున్న ప్యారీస్ కార్నర్ చేరేసరికి పన్నెండుంపావు. నేను ఫోన్లో మాట్లాడి పెట్టుకున్న పార్కింగ్ అక్కడికి దగ్గర్లోనే, ఒక సందులో ఉంది. రోజుకి 250 రూపాయలు, పైన కప్పు, రాత్రి వాచ్‌మన్ అని చెప్పాడు. తీరా చూస్తే పాత గోడౌన్ ముందు ఖాళీ జాగా, పైన ఆకాశం. "లోపల కార్లు సర్దాలి సార్, తాళం ఇచ్చి వెళ్లండి" అన్నాడు. అప్పటికే ఆలస్యమైంది, ఇంకో చోటు వెతికే ఓపిక ఎవరికీ లేదు. తాళం ఇచ్చేశా. రసీదు అడిగితే విజిటింగ్ కార్డు వెనక కారు నంబరు రాసిచ్చాడు! సామానుతో ఐదుగురం రెండు ఆటోలెక్కితే ఒక్కోదానికి 180. ఆ దూరానికి అది దోపిడీయే. గేటు దగ్గర సీఐఎస్ఎఫ్ వాళ్లు ఆధార్, టికెట్ చూసి పది నిమిషాల్లో లోపలికి పంపేశారు. ఆ రోజు మర్యాదగా మాట్లాడింది వాళ్లే.

ఆదివారం పదింటికి తిరిగొస్తే బిల్లు 1,350. శుక్ర, శని, ఆది అని మూడు రోజులకి 750 అట. మేం కారు పెట్టింది రెండు రోజులు కూడా నిండలేదు. డ్రైవర్ ఛార్జీ 400. దేనికయ్యా డ్రైవరు అంటే, కారు జరిపినందుకట. కడిగినందుకు 200. కడగమని ఎవరు చెప్పారు? పైగా అద్దం మీద కాకి రెట్ట అలాగే ఉంది.

అసలు సంగతి పిల్లాడు పట్టుకున్నాడు. కారు దిగేటప్పుడు వాడు ఊరికే మీటరు ఫొటో తీసుకున్నాడు: 41,206. ఇప్పుడు చూస్తే 41,243. సీటు వెనక్కి జరిపి ఉంది. గోడౌన్ ముందు కారు సర్దితే 37 కిలోమీటర్లు అవుతుందా? ఫొటో చూపించాక 200 మాత్రం తగ్గించాడు. ఆ 400 వదల్లేదు. మా ఆవిడ "ఇచ్చేయండి, ఇంటికి పోదాం" అంది. 1,150 ఇచ్చా. తిరుపతి దాకా ఎవరూ నోరు విప్పలేదు.

నన్నడిగితే కారు తిరుపతిలోనే వదిలేయండి. పొద్దున గరుడాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే చెన్నై సెంట్రల్‌లో దిగి నింపాదిగా టిఫిన్ చేసి హార్బర్‌కి వెళ్లొచ్చు. ఐదుగురికీ ఒకవైపు సెకండ్ సీటింగ్ టికెట్లు నేను పార్కింగ్‌కి పోసినదాంట్లో సగం కూడా కావు, పెట్రోలు 2,100 అదనంగా మిగిలేది. పెద్దవాళ్లున్నారు, కారే కావాలంటే ముందురోజే వెళ్లి, రెండు రాత్రులూ కారు ఉంచుకోనిచ్చే లాడ్జి చూసి దిగండి. ఆ మాట మెసేజ్‌లో రాయించుకోండి. అదీ కుదరకపోతే తిరువళ్లూరులో తెలిసినవాళ్లింట్లో కారు పెట్టి లోకల్ రైలెక్కండి. తాళం మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి.

బామ్మర్దికి ఇప్పటికీ ఒకటే అనుమానం, ఆ 37 కిలోమీటర్లు ఎక్కడికి వెళ్లొచ్చారా అని. వెనక సీటు కింద మల్లెపూలు దొరికాయి మరి.